తొమ్మిదో అంతస్తులో పేలిన తుపాకీ

1970 నవంబరు. అమెరికా, మసాచుసెట్స్ రాష్ట్రం, కేంబ్రిడ్జ్. టెక్నాలజీ స్క్వేర్‌లో 545వ నంబరు భవనం. తొమ్మిదో అంతస్తు.

బయట చలి. లోపల అంతకన్నా చలి. ఏసీలు గుయ్యిమంటూ తిరుగుతూనే ఉన్నాయి. అవి మనుషుల కోసం కాదు, వరసగా నిలబెట్టిన బీరువాలంతేసి కంప్యూటర్ల కోసం. మనిషి వణికినా ఫర్వాలేదు. మెషిన్ వేడెక్కకూడదు.

ఓ మూల ఆసిలోస్కోప్ తెర. దాని మీద చుక్కలు. వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి, పక్కన ఇంకోచోట వెలుగుతున్నాయి. ఎవరూ మీట నొక్కడం లేదు. అయినా ఓ చుక్కల గుంపు ఎడమ నుంచి కుడికి జరిగింది. ఇంకో గుంపు కుడి నుంచి ఎడమకి. రెండూ ఒకే వరసలో, ఎదురెదురుగా.

తెర ముందు బిల్ గాస్పర్. వయసు ఇరవై ఏడు. ఎమ్‌ఐటీ ఏఐ ల్యాబ్ మనిషి. లెక్కలంటే ప్రాణం, పింగ్‌పాంగ్ అంటే పిచ్చి. సముద్రానికి అవతల ఇంగ్లండులో మరో కేంబ్రిడ్జ్ ఉంది. అక్కడి గణిత లెక్చరర్ ఒకాయన ఓ సవాలు విసిరాడు. ఈ ఏడాది ఆఖరుతో దాని గడువు తీరిపోతుంది. పందెం సొమ్ము యాభై డాలర్లు.

చుక్కల గుంపులు దగ్గరికొచ్చేస్తున్నాయి. గుద్దుకోవడం ఖాయం. గుద్దుకున్నాక ఏం మిగులుతుందన్నదే ఎవరికీ తెలీదు.

*

ఈ గొడవంతా టీ బల్ల మీద మొదలైంది.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ, గణిత విభాగం కామన్ రూమ్. 1960ల చివర. టీ టైము. బల్ల మీద గో ఆట పలక పరిచి ఉంది. దాని మీద నల్ల బిళ్ళలు. జాన్ హార్టన్ కాన్వే వాటి మీదికి వంగిపోయి చూస్తున్నాడు. లివర్‌పూల్‌లో పుట్టినవాడు. 1968లో కొత్త గణిత సమూహాలు కనిపెట్టి, ముప్పై ఏళ్ళకే ప్రపంచమంతా తన పేరు పలికేలా చేసుకున్నవాడు. అలాంటివాడు ఇప్పుడు బిళ్ళలు పేరుస్తూ కూర్చున్నాడు.

అతన్ని తొలిచేస్తున్న ప్రశ్న పాతదే. యంత్రం తనలాంటి యంత్రాన్ని తనే తయారు చేసుకోగలదా? 1940ల్లో జాన్ వాన్ నాయ్‌మన్ ఈ ప్రశ్న పట్టుకున్నాడు. స్నేహితుడు స్టానిస్లా ఉలాం ఓ దారి చూపించాడు. ఇనుము, మరలు వదిలెయ్. కాగితం మీద గడులు గీసుకో. ప్రతి గడికీ ఒక స్థితి. గడియారం ఒక్కసారి టిక్కుమంటే ప్రతి గడీ తన పొరుగు గడుల్ని చూసుకుని, ఒకే నియమం ప్రకారం, అన్నీ ఒకేసారి మారతాయి. సెల్యులార్ ఆటోమేటా అంటే ఇంతే. ఆ దారిలో వెళ్ళి వాన్ నాయ్‌మన్ తనని తాను కట్టుకునే యంత్రాన్ని సాధించాడు. కాకపోతే ఒక్కో గడికి 29 స్థితులు కావలసి వచ్చాయి. గడులు సుమారు రెండు లక్షలు.

ఇరవై తొమ్మిదెందుకు? కాన్వేకి రెండు చాలు. బతికి ఉండటం, చచ్చిపోవడం.

నియమం కోసం వేట మొదలైంది. ప్రతి గడికీ చుట్టూ ఎనిమిది పొరుగు గడులు. ఎన్ని బతికి ఉంటే ఖాళీ గడిలో కొత్త ప్రాణం పుట్టాలి? ఎన్ని ఉంటే ఉన్న ప్రాణం పోవాలి? ఉదారంగా ఉంటే బిళ్ళలు పలకంతా పాకిపోతాయి. పిసినారిగా ఉంటే నాలుగడుగుల్లో అన్నీ చస్తాయి. ఒక నియమం పెట్టడం, ఆడటం, విసుగొచ్చి తుడిచేయడం, ఇంకోటి పెట్టడం, కాఫీ చల్లారిపోవడం, క్లాసు టైమైపోవడం, మర్నాడు మళ్ళీ అదే బల్ల దగ్గర చేరి మళ్ళీ మొదటికి రావడం. ఇలా ఏడాదిన్నర కాఫీ టైములూ టీ టైములూ ఆ బిళ్ళలకే బలైపోయాయి.

కాన్వే పెట్టుకున్న షరతులు మామూలువి కావు. మొదటిది మరీ విచిత్రం. ఏ ఆకారమైనా అంతులేకుండా పెరిగిపోతుందని తేలిగ్గా రుజువు చేసేసేలా ఉండకూడదు. చూడటానికి మాత్రం కొన్ని అలా పెరిగిపోతున్నట్టే అనిపించాలి. చిన్న ఆకారం కూడా చాలా తరాలు రకరకాలుగా మారి, ఆ తర్వాతే ఎక్కడో కుదుటపడాలి. అంటే చూడగానే జాతకం చెప్పేసే ఆట అతనికి అక్కర్లేదు.

చివరికి దొరికింది. పొరుగున ఇద్దరు గానీ ముగ్గురు గానీ ఉంటే బతుకుతుంది. అంతకన్నా తక్కువైతే ఒంటరితనంతో, ఎక్కువైతే ఇరుకుతో చస్తుంది. ఖాళీ గడికి సరిగ్గా ముగ్గురు పొరుగువాళ్ళుంటే అక్కడ కొత్త ప్రాణం. అంతే. ఆ ఆటకి ‘లైఫ్’ అని పేరు పెట్టారు.

ఆడటం మాత్రం నరకం. ముందు చావబోయే బిళ్ళలన్నీ వెతికి, ఒక్కోదాని మీద ఇంకో నల్ల బిళ్ళ పెట్టాలి. పుట్టబోయే గడుల్లో తెల్ల బిళ్ళలు పెట్టాలి. ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి. అప్పుడు జంట బిళ్ళలు తీసేసి, తెల్లవాటి స్థానంలో నల్లవి పెట్టాలి. ఇదంతా కలిపితే ఒక్క తరం. ఒక్క బిళ్ళ తప్పితే ఆ తర్వాతి లోకమంతా తప్పే.

చిన్న ఆకారాలు ఒక్కొక్కటే లొంగిపోయాయి. మూడు బిళ్ళలవి తేలిపోయాయి. నాలుగువీ తేలిపోయాయి. అయిదు బిళ్ళల్లో ఒక్కటి మాత్రం మొండికేసింది. దాన్ని ఆర్-పెంటామినో అన్నారు. వంద తరాలు దాటినా ఆగదు. పలక చాలలేదు. బిళ్ళలు బల్ల మీదికి పాకాయి, ఆ తర్వాత నేల మీదికి.

కాన్వేతో పాటు బిళ్ళల చుట్టూ చేరిన గుంపులో రిచర్డ్ గై ఉన్నాడు. యాభై దాటిన మనిషి. 1960ల మొదట్లో మన ఢిల్లీ ఐఐటీలో పాఠాలు చెప్పి, అక్కణ్ణుంచి కెనడాలోని కాల్గరీకి వెళ్ళినాయన. ఆర్-పెంటామినో వెంటపడి బిళ్ళలు లెక్కపెడుతూ లెక్కపెడుతూ ఒక్కసారిగా ఆగిపోయాడు. అందర్నీ పిలిచాడు. ఇక్కడో ముక్క నడుస్తోంది, వచ్చి చూడండి అని.

అయిదు బిళ్ళలు. నాలుగు తరాలు గడిచాయి. అదే ఆకారం, ఒక గడి ఐమూలగా పక్కకి జరిగి ఉంది. ఇంకో నాలుగు. ఇంకో గడి. దానికి గ్లైడర్ అని పేరొచ్చింది.

నడిచే ముక్క దొరికింది సరే. నడిచే ముక్కల్ని పుట్టిస్తూనే ఉండే యంత్రం ఉందా?

లేదనే కాన్వే అనుకున్నాడు. పరిమితమైన బిళ్ళలతో మొదలుపెట్టిన ఏ ఆకారమూ హద్దులేకుండా పెరగదని అతని ఊహ. రుజువు మాత్రం చేతిలో లేదు.

*

1970 మార్చిలో కాన్వే ఒక ఉత్తరం రాశాడు. అది న్యూయార్క్ నగరానికి కాస్త ఎగువన, హడ్సన్ నది ఒడ్డున ఉన్న హేస్టింగ్స్ అనే ఊరికి చేరింది. వీధి పేరు యూక్లిడ్ అవెన్యూ. లెక్కల గురించి రాసే మనిషికి అంతకన్నా తగిన చిరునామా ఉండదు. ఆ ఇంట్లో ఉండే మార్టిన్ గార్డ్‌నర్‌కి గణితంలో డిగ్రీ లేదు. చదివింది తత్వశాస్త్రం. అయినా 1957 నుంచి సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఆయన గణిత శీర్షిక కోసం ప్రొఫెసర్ల దగ్గర్నుంచి పిల్లల దాకా కాచుక్కూర్చునేవాళ్ళు.

అక్టోబరు సంచికలో లైఫ్ ఆట అచ్చయింది. దాంతోపాటే సవాలు. హద్దులేకుండా పెరిగే ఆకారం ఉందని గానీ లేదని గానీ ఈ ఏడాది ఆఖరులోగా మొదట రుజువు చేసినవాళ్ళకి యాభై డాలర్లు. కాన్వేని ఓడించడానికి రెండు దారులున్నాయని కూడా అందులోనే ఉంది. ఒకటి, ఒకచోటే నిలబడి గ్లైడర్లని వరసగా పేల్చే తుపాకీ. రెండోది, కదులుతూ వెనకాల పొగలా చెత్త వదిలిపోయే రైలు. అలాంటివాటిని మాత్రం అప్పటికి ఎవరూ చూడలేదు.

ఉత్తరాలు ముంచెత్తాయి. ఆ శీర్షికకి అంత స్పందన అంతకుముందెన్నడూ రాలేదు. కంప్యూటర్ అందుబాటులో ఉన్న ప్రతివాడూ ఆఫీసు పని పక్కకి నెట్టి చుక్కలు వెలిగించడం మొదలెట్టాడు. ఇంగ్లండులో గో పలక మీద ఓ సాయంత్రమంతా పట్టే పని ఇక్కడ తెర మీద క్షణాల్లో అయిపోతోంది.

పందెం ఇక బిళ్ళలవాళ్ళ చేతిలో లేదు.

*

టెక్నాలజీ స్క్వేర్. తొమ్మిదో అంతస్తు.

ఇక్కడ ఒక్కడు కాదు, ఒక జట్టే దిగింది. రాబర్ట్ ఏప్రిల్, మైకేల్ బీలర్, రిచర్డ్ హోవెల్, రిచర్డ్ ష్రెపెల్, మైకేల్ స్పెసినర్, గాస్పర్. తెర మీద తరాలు నడిపే ప్రోగ్రాం స్పెసినర్ రాశాడు. వెతకడం అందరి పనీ.

ఇక్కడివాళ్ళకి ఇలాంటి ఆట కొత్త కాదు. ఎమ్‌ఐటీకి చెందిన ఎడ్వర్డ్ ఫ్రెడ్‌కిన్ 1960 ప్రాంతంలోనే ఒక నియమం కనిపెట్టాడు. కాలేజీ మధ్యలో మానేసి వైమానిక దళంలో ఫైటర్ పైలట్ అయినవాడు, ఆ తర్వాత కంప్యూటర్లలోకి దూకినవాడు. ఆ నియమం ఇంకా తేలిక. మన పల్లెల్లో పిల్లలు గుప్పెట్లో చింతగింజలు మూసి సరా, బేసా అని అడుగుతారే, అచ్చంగా అదే ప్రశ్న. పైన, కింద, కుడి, ఎడమ, ఈ నాలుగు పొరుగు గడుల్లో వెలిగినవి ఎన్ని? బేసి అయితే వచ్చే తరంలో నువ్వు వెలుగుతావు. సరి అయితే ఆరిపోతావు.

ఒక్క చుక్క పెట్టండి. మొదటి అడుగులో అది మాయమై చుట్టూ నాలుగు వెలుగుతాయి. రెండో అడుగులో మధ్యలో పడ్డవన్నీ జంటలు జంటలుగా సరి అయిపోయి కొట్టుకుపోతాయి, నాలుగే మిగులుతాయి, రెండేసి గడుల దూరంలో. మూడో అడుగులో పదహారు. నాలుగో అడుగులో మళ్ళీ నాలుగే, ఈసారి నాలుగేసి గడుల దూరంలో. ఏడో అడుగులో అరవై నాలుగు. ఎనిమిదో అడుగులో మళ్ళీ నాలుగు.

ఇప్పుడు చుక్క బదులు మీకిష్టమైన బొమ్మ పెట్టండి. మీ పేరులో మొదటి అక్షరమైనా సరే. బొమ్మ సైజుని బట్టి ఎనిమిదో, పదహారో, ముప్పై రెండో అడుగులు ఆగండి. నాలుగు వైపులా అచ్చుగుద్దినట్టు అదే బొమ్మ, నాలుగు కాపీలు. వాన్ నాయ్‌మన్‌ని రెండు లక్షల గడులు అడిగిన పని చిటికెలో అయిపోయింది. 1967లో టెర్రీ వినోగ్రాడ్ అనే ఎమ్‌ఐటీ విద్యార్థి ఈ కిటుకు రెండు స్థితులకే పరిమితం కాదని తేల్చాడు. స్థితుల సంఖ్య ఏ ప్రధాన సంఖ్యైనా, కొలతలు ఎన్నయినా ఇదే వరస.

మరి హద్దులేకుండా పెరిగేది చేతిలోనే ఉంటే ఇంకా వెతుకులాటెందుకు?

ఎందుకంటే అది తేలిగ్గా రుజువైపోతుంది. కాన్వే మొదటి షరతే దాన్ని గుమ్మం బయట నిలబెట్టేసింది. సరి-బేసి నియమంలో రహస్యం లేదు. రెండు బొమ్మలు కలిపి నడిపితే వచ్చేది, విడివిడిగా నడిపి ఆ తర్వాత ఒకదాని మీద ఒకటి వేసి, జంటలు కొట్టేస్తే వచ్చేదే. ఎవరూ ఎవరికీ అడ్డురారు. చదరంగం పలకలా గడులకి నలుపు, తెలుపు అంటించి చూడండి. నల్ల గడిలో చుక్క ఉంటే మరుసటి అడుగుకి అది తెల్ల గడుల్లోనే తేలుతుంది, ఆ తర్వాత మళ్ళీ నలుపులోనే. నలుపు మీద ఉన్న లోకం, తెలుపు మీద ఉన్న లోకం ఎన్ని అడుగులైనా ఒకదాన్నొకటి తాకవు. వెయ్యో తరం కావాలంటే వెయ్యి తరాలు నడపక్కర్లేదు, ఓ కాగితం, పెన్సిలు చాలు.

లైఫ్‌లో అలా కుదరదు. ఇద్దరు కలిస్తే బతుకు, ముగ్గురు కలిస్తే పుట్టుక, నలుగురు కలిస్తే చావు. ఒకడి రాక ఇంకొకడి తలరాత మార్చేస్తుంది. నడిపి చూడ్డం తప్ప వేరే దారి లేదు.

అందుకే ఆ తెర ముందు ఆ కాపలా.

*

గాస్పర్ కన్ను ఒక ఆకారం మీద పడింది. దాన్ని క్వీన్ బీ అన్నారు. రాణి ఈగ. అది ఒక వైపుకి దూసుకెళ్తుంది. పదిహేను తరాల్లో వెనక్కి తిరుగుతుంది, తిరిగేచోట ఒక తేనెపట్టు ఆకారం వదిలిపెడుతుంది. వచ్చిన దారినే వెనక్కి. ఇంకో పదిహేను తరాలు. మళ్ళీ అదే మలుపు.

చూడ్డానికి ముచ్చటే. కానీ బతకదు. తను వదిలిన తేనెపట్టు దగ్గరికే తిరిగొచ్చి దానికే గుద్దుకుంటుంది. తను పెట్టిన గుడ్డే తనకి ఎసరు.

దానికీ ఒక మందు దొరికింది. మలుపు తిరిగేచోట నాలుగు చుక్కల చదరం ఒకటి, సరిగ్గా కొలిచి పెట్టాలి. తేనెపట్టు పుట్టగానే ఆ చదరం దాన్ని మింగేస్తుంది, తను మాత్రం చెక్కుచెదరదు. దారి శుభ్రం. రాణి ఈగ మళ్ళీ వస్తుంది, మళ్ళీ వెళ్తుంది. ముప్పై తరాలకోసారి, గడియారంలో లోలకంలా.

సరే, లోలకమే. లోలకం పెరగదు కదా.

అప్పుడు రెండో రాణి ఈగని దించారు. ఒకే వరసలో రెండు. ఈ చివర ఒక చదరం, ఆ చివర ఒక చదరం, మధ్యలో ఇద్దరూ ఎదురెదురుగా. ఇలా గుద్దుకున్నప్పుడు ఈ ఆటలో మామూలుగా జరిగేది ఒక్కటే. పెద్ద పేలుడు, కొన్ని తరాల పాటు కల్లోలం, చివరికి కదలని బూడిద. దూరం ఒక్క గడి మారినా కథ మారిపోతుంది. ముందో తరం, వెనకో తరం తేడా వచ్చినా కథ మారిపోతుంది.

తెర మీద రెండు గుంపులు దగ్గరికొచ్చాయి.

తాకాయి.

మధ్యలో చుక్కలు గజిబిజిగా ఎగసిపడ్డాయి. ఎడమ రాణి వెనక్కి తిరిగింది. కుడి రాణీ వెనక్కి తిరిగింది. ఇద్దరికీ దెబ్బ తగల్లేదు. వాళ్ళ మధ్యలో అయిదు చుక్కలు మిగిలాయి.

ఆ అయిదూ కదిలాయి.

ఒక గడి ఐమూలగా. ఇంకో గడి. గ్లైడర్!

రాణులు చివరలకి వెళ్ళారు. చదరాలు తేనెపట్టుల్ని మింగాయి. రాణులు తిరిగొచ్చారు. మళ్ళీ ఢీ. ఇంకో గ్లైడర్, మొదటిదాని వెనకాలే, అదే దారిలో. ముప్పై తరాలు. ఇంకోటి. ముప్పై తరాలు. ఇంకోటి. తెర అంచు దాకా ఐమూలగా గ్లైడర్ల వరస సాగిపోతోంది, ఆగే సూచనే లేదు, ఆగడానికి కారణమూ లేదు.

పత్రికకి వెళ్ళిన ఆకారం నుంచి మొదటి గ్లైడర్ నలభయ్యో తరంలో బయటపడుతుంది. ఆ తర్వాత ప్రతి ముప్పై తరాలకీ ఒకటి, అంటే లోకానికి అయిదేసి చుక్కలు కొత్తగా చేరతాయి. తుపాకీ తనంతట తాను ఎప్పటికీ అంతే ఉంటుంది. దాన్ని కుదించి చూపిస్తే ముప్పై ఆరు చుక్కలు.

కాన్వే ఊహ తప్పని తేలడానికి ముప్పై ఆరు చుక్కలు చాలాయి.

*

యూక్లిడ్ అవెన్యూ ఇంటికి టెలిగ్రాం వెళ్ళింది. నవంబరు నెలలోనే. గడువు ఇంకా మిగిలే ఉంది. పత్రిక మార్కెట్లోకి వచ్చి నిండా రెండు నెలలైనా కాలేదు.

గార్డ్‌నర్ 1971 ఫిబ్రవరి సంచికలో మళ్ళీ అదే విషయం ఎత్తుకున్నాడు. గాస్పర్ జట్టు పేర్లన్నీ ఇచ్చాడు. ఆ జట్టు అక్కడితో ఆగలేదు మరి. పదమూడు గ్లైడర్లని లెక్కప్రకారం ఒకచోట గుద్దిస్తే ఆ శిథిలాల్లోంచి తుపాకీయే లేచి నిలబడుతుందని కూడా వాళ్ళు చూపించారు. అదే వ్యాసంలో ఫ్రెడ్‌కిన్ సరి-బేసి నియమం కూడా ఉంది. ఒకే పత్రిక, ఒకే శీర్షిక. ఒకటి పెన్సిలుకి లొంగేది, ఇంకోటి లొంగనిది.

నేల మీదికి పాకి అందర్నీ ఏడిపించిన ఆర్-పెంటామినో కూడా కంప్యూటర్లకి దొరికిపోయింది. 1103వ తరంలో కుదుటపడింది. మిగిలినవి 116 చుక్కలు, అందులో ఆరు గ్లైడర్లు. చేత్తో బిళ్ళలు పెట్టుకుంటూ అక్కడి దాకా వెళ్ళడం ఎవరి వల్లా అయ్యేది కాదు.

కాన్వే యాభై డాలర్లు పోగొట్టుకున్నాడు. దానికి దక్కిన ప్రతిఫలం చూస్తే ఇంత చవక బేరం గణితంలో ఇంకోటి కనపడదు.

తుపాకీ దొరికిందంటే గ్లైడర్ల ధార దొరికినట్టే. ధారలో గ్లైడర్ ఉంటే ఒకటి, ఖాళీ ఉంటే సున్నా. ఇక అది తీగలో పారే కరెంటుకి ఏం తీసిపోయింది? రెండు గ్లైడర్లు ఒక పద్ధతిలో ఢీకొంటే రెండూ మాయమైపోతాయి, పొగ కూడా మిగలదు. అంటే ఒక ధారతో ఇంకో ధారని అడ్డుకోవచ్చు. ‘ఒకటి’ లోపలికొస్తే ‘సున్నా’ బయటికెళ్తుంది, ‘సున్నా’ లోపలికొస్తే ‘ఒకటి’ బయటికెళ్తుంది. అక్కణ్ణుంచి గేట్లు, గేట్ల నుంచి జ్ఞాపకం, జ్ఞాపకం నుంచి పూర్తి కంప్యూటర్. ఆ గడుల లోకంలో ఏ లెక్కైనా చేయగల కంప్యూటర్ కట్టొచ్చని కాన్వే చూపించాడు. ఆ రుజువు 1982లో ఎల్విన్ బెర్లెకాంప్, రిచర్డ్ గైలతో కలిసి రాసిన ‘విన్నింగ్ వేస్’ పుస్తకంలో వచ్చింది. నడిచే ముక్కని మొదట చూసిన గై ఆ పుస్తకం అట్ట మీదా ఉన్నాడు.

దాని వెనకాలే ఓ పిడుగు లాంటి ఫలితం ఉంది. లైఫ్‌లో ఏదో ఒక ఆకారం ఇచ్చి, ఇది ఎప్పటికైనా పూర్తిగా చచ్చిపోతుందా అని అడిగితే, అన్ని ఆకారాలకీ తప్పకుండా జవాబు చెప్పగల పద్ధతి ఏదీ ఉండదు. ఇంకా దొరకలేదని కాదు. ఉండదు. జాతకం చెప్పడానికి వీల్లేని ఆట కావాలన్నాడు కాన్వే. అడిగినదానికన్నా ఎక్కువే దొరికింది.

మరి సరి-బేసి సంగతేమిటి? అది పందెంలో నిలవలేదు గానీ మూలన పడలేదు.

1989లో క్లాస్ సట్నర్ గడుల్ని వదిలేసి ఏకంగా గ్రాఫుల మీదికి వెళ్ళాడు. బిందువులు, వాటిని కలిపే గీతలు. చదరాలే ఉండనక్కర్లేదు, ఎలాంటి వలైనా ఫర్వాలేదు. ప్రతి బిందువు దగ్గరా ఒక దీపం, ఒక బటన్. బటన్ నొక్కితే ఆ దీపమూ, గీతతో కలిసిన పొరుగు దీపాలూ తారుమారవుతాయి. అన్నీ ఆరి ఉన్నాయి. అన్నిటినీ వెలిగించగలరా? రెండుసార్లు నొక్కితే నొక్కనట్టే. కాబట్టి ప్రతి బిందువుకీ 1 గానీ 0 గానీ అంటించాలి. తనదీ, పొరుగువాళ్ళదీ కలిపితే ప్రతిచోటా బేసి రావాలి.

ఏ గ్రాఫ్ ఇచ్చినా అలా అంటించడం సాధ్యమేనని సట్నర్ తేల్చేశాడు. ఒక్క మినహాయింపు కూడా లేదు.

అడ్డుపడగలిగేది ఒకే ఒక్కటి. బేసి సంఖ్యలో బిందువులున్న ఓ గుంపు ఉండాలి. ఎక్కడ ఏ బటన్ నొక్కినా ఆ గుంపులో మారే దీపాలు సరిసంఖ్యే కావాలి. అలాంటి గుంపుంటే అందులో వెలిగేవి ఎప్పుడూ సరిసంఖ్యే, అన్నీ వెలగవు. మరి ఆ గుంపులోని బిందువునే నొక్కి చూడండి. తను ఒకటి మారుతుంది, కాబట్టి గుంపులో తన పొరుగువాళ్ళు బేసి మంది ఉండి తీరాలి. గుంపులో ప్రతివాడికీ అంతే. ఇక్కడే అంతా కూలిపోతుంది. ప్రతి గీతకీ రెండు కొసలు. బేసి మంది, ఒక్కొక్కరికీ బేసి గీతలు ఉంటే కొసల మొత్తం బేసి అవుతుంది, అది జరగని పని. 1736లో ఆయిలర్ కోనిగ్స్‌బర్గ్ వంతెనల మీద రాసినప్పుడు వాడిన లెక్కే ఇది.

ఆరు సంవత్సరాల తర్వాత, 1995లో, టైగర్ ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ అయిదు వరసల, అయిదు నిలువుల దీపాల బొమ్మని బజార్లోకి వదిలింది. పేరు లైట్స్ అవుట్. చీకటి నుంచి మొదలెట్టి అన్ని దీపాలూ వెలిగించడానికి అందులో పదిహేను నొక్కులు చాలు. దీపాల అమరికలు మొత్తం 3,35,54,432. అందులో నాలుగో వంతు, 83,88,608 మాత్రమే పూర్తిగా ఆర్పగలిగేవి. మిగతావాటిని మీరు ఎంతసేపు నొక్కినా లాభం లేదని నొక్కకముందే చెప్పేయొచ్చు.

కాన్వే మొదట వెతికింది ఇదేమీ కాదు, తనని తాను కాపీ చేసుకునే ఆకారం. లైఫ్‌లో అది ఉండి తీరుతుందని అతని రుజువు చెప్పింది గానీ కళ్ళతో చూసినవాళ్ళు లేరు. 2010లో ఆండ్రూ వేడ్ జెమిని అనే ఆకారం కట్టాడు. అది 3,36,99,586 తరాలు కష్టపడి పక్కన తన కాపీ కట్టుకుంటుంది, కట్టుకుంటూనే పాత తనని చెరిపేసుకుంటుంది. పాతదీ కొత్తదీ రెండూ మిగిలే అసలైన కాపీ కోసం ఇంకో మూడేళ్ళు ఆగాల్సి వచ్చింది. 2013 నవంబరులో డేవ్ గ్రీన్ దాన్ని సాధించాడు. గాస్పర్ తుపాకీ పేలి అప్పటికి నలభై మూడేళ్ళు. ఫ్రెడ్‌కిన్ నియమంలో ఒక్క చుక్క అదే పనిని ఒక్క అడుగులో చేసేస్తుంది.